ఇన్‌హేలర్ మందు ఎక్కడ పట్టుకుంటుంది? కణపు పొరలోని గ్రాహకాన్ని తెరమీద చూద్దాం

సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చిన కొన్ని నిమిషాలకే ఆస్తమా మనిషికి ఊపిరి ఆడుతుంది. ఆ మందు శ్వాసనాళాల కండరకణాల్లోకి దూరిపోనక్కర్లేదు. కణపు పొరలో దిగబడి ఉన్న ఒక ప్రోటీన్‌ని బయటి వైపు నుంచే పట్టుకుంటే చాలు. ఆ ప్రోటీన్ పేరు బీటా-2 అడ్రినర్జిక్ గ్రాహకం, 413 అమైనో ఆమ్లాల గొలుసు. మందు గురిపెట్టే చోటు ఇదే. 2007లో దీని ఆకారం పరమాణువుల స్థాయిలో బయటపడింది. ఇలాంటి గ్రాహకాల మీద చేసిన పనికే రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కాలకు 2012లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ ఆకారాన్ని మనమూ ఇంట్లో కూర్చుని తిప్పి చూడొచ్చు. రండి, మొదలుపెడదాం.

కావలసినవి

- నెట్ ఉన్న కంప్యూటర్. ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది గానీ వేలితో ఒక్క అణువుని నొక్కబోతే పక్కదానికి తగులుతుంది. మౌస్ ఉంటే హాయి.
- ఒక తెల్లకాగితం, రెండు రంగుల పెన్సిళ్లు.
- ఓ గంట తీరిక. ఖాతా తెరవనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు.

చేసే పద్ధతి

1. ముందు కాగితం తీద్దాం. అడ్డంగా రెండు సమాంతర రేఖలు గీసి, పైన ‘బయట’, కింద ‘లోపల’ అని రాయండి. రేఖల మధ్య జాగా కణపు పొర. ఇప్పుడు పైనుంచి మొదలుపెట్టి ఒకే గీతను పొరగుండా కిందికీ పైకీ ఏడుసార్లు దాటించండి. ఏడో దాటు అయ్యాక మీ పెన్సిల్ ‘లోపల’ ఆగాలి. బయట ఆగిందంటే లెక్క తప్పిందన్నమాట, మళ్లీ గీయండి. ఈ పని చిన్నపిల్లల ఆటలా అనిపించి చాలామంది వదిలేస్తారు. తెర ముందు తికమకపడేదీ వాళ్లే.

2. ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైటు తెరవండి. వెతికే పెట్టెలో 2, ఆర్, హెచ్, 1 అనే నాలుగు అక్షరాలను ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో కొట్టండి. వచ్చిన పేజీలో ‘స్ట్రక్చర్’ అన్నచోట నొక్కితే బొమ్మ తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. ఎడమ మీట నొక్కిపట్టి లాగితే తిరుగుతుంది, చక్రం తిప్పితే దగ్గరా దూరం అవుతుంది. రెండు నిమిషాలు ఊరికే ఆడుకోండి.

3. ఇప్పుడు తలా కాళ్లూ తేల్చుకుందాం. బొమ్మలో రెండు ముద్దలు కనిపిస్తాయి. పొడవాటి సర్పిలాలు కట్టగా ఉన్నది గ్రాహకం, దానికి వేలాడుతున్నట్టున్న రెండో ముద్ద లైసోజైమ్. ఇది మన ఒంట్లోది కాదు, బ్యాక్టీరియాకు పట్టే టీ4 అనే వైరస్‌ది. గ్రాహకం లోపలి వైపు మూడో మెలిక బొత్తిగా నిలకడలేనిది. అది అలా ఊగుతుంటే స్ఫటికం సరిగ్గా కట్టదు. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని తీసేసి అక్కడ లైసోజైమ్‌ని అతికించారు. మనకు కలిసొచ్చిందేమిటంటే, లైసోజైమ్ ఉన్న వైపే కణం లోపలి వైపు. దాన్ని కిందికి తిప్పిపెట్టండి. ఇప్పుడు తెరా కాగితమూ ఒకే దిక్కున ఉన్నాయి.

4. సర్పిలాలు లెక్కపెట్టండి. ఏడు రావాలి. చివర పొరకు సమాంతరంగా ఒక పొట్టి సర్పిలం పడుకుని ఉంటుంది, దాన్ని కలపకండి. నేను మొదటిసారి ఎనిమిది లెక్కపెట్టి, పుస్తకమే తప్పనుకున్నాను.

5. కట్ట పైభాగంలో, సర్పిలాల నడుమ ఇరుక్కున్న చిన్న అణువుని వెతకండి. అది కారజొలాల్, బీటా బ్లాకర్ల కుటుంబానిది. ప్రొప్రనొలాల్‌కు చుట్టం. ప్రోటీన్ బయటి అంచున కొలెస్టరాల్ అణువులు కూడా ఉంటాయి, మందని వాటిని నొక్కకండి. పాయింటర్‌ని ఊరికే అణువు మీద ఉంచితే కింది మూలలో పేరు వస్తుంది. పేరు చదివాకే నొక్కండి.

6. కారజొలాల్‌ని నొక్కగానే చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలు, వాటి మధ్య చుక్కల గీతలు కనిపిస్తాయి. 113వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లాన్ని పట్టుకోండి. దానిది రుణావేశం, మందులోని నత్రజనిది ధనావేశం. పట్టంతా అక్కడే ఉంది. రెండింటి మధ్య దూరం ఇంచుమించు 3 ఆంగ్‌స్ట్రాములు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు. కాగితం మీద మూడో దాటు పైభాగంలో రంగు పెన్సిల్‌తో చుక్క పెట్టండి.

7. ఇంకో కిటికీలో 3, ఎస్, ఎన్, 6 తెరవండి. ఇది 2011 నాటిది. ఇందులో గ్రాహకాన్ని నిద్రలేపే అణువు ఉంది, కింద, గ్రాహకం ఇచ్చే కబురును కణం లోపలికి అందించే జీ-ప్రోటీన్ కూడా అతుక్కుని ఉంది. గ్రాహకం ‘ఆర్’ గొలుసు. రెండు కిటికీల్లోనూ ఆరో సర్పిలం లోపలి కొసను పోల్చండి. రెండో దాంట్లో అది దాదాపు 14 ఆంగ్‌స్ట్రాములు బయటికి జరిగింది. ఆ ఖాళీలోకే జీ-ప్రోటీన్ దూరుతుంది. కండరం వదులవడానికి నాంది అదే. ఇక్కడ కాస్త ఆగి చూడండి: ఒకే గూట్లో కూర్చునే రెండు మందుల్లో ఒకటి తలుపు మూసి పెడుతుంది, ఇంకొకటి తీస్తుంది. అందుకే ఆస్తమా రోగికి సాల్బుటమాల్ ఇస్తారు, ప్రొప్రనొలాల్ జోలికి పోరు.

తరచూ దొర్లే పొరపాట్లు

*రెండో ఫైల్లోనూ లైసోజైమే గుర్తనుకోవడం.* అందులో దాన్ని గొలుసు మొదట్లో, అంటే బయటి వైపు అతికించారు. పాత అలవాటున దాన్ని కిందికి తిప్పితే బొమ్మ తలకిందులవుతుంది. అక్కడ జీ-ప్రోటీన్‌ని కిందికి పెట్టుకోండి.

*సంఖ్య తప్పు చదవడం.* ఒక్కో అమైనో ఆమ్లానికి రెండు సంఖ్యలు కనిపిస్తే ‘ఆథ్’ అని ఉన్నదే మనకు కావలసింది. పరిశోధకులు వాడే 113 అదే.

*తెరమీద లేనిది ప్రోటీన్‌లోనూ లేదనుకోవడం.* గొలుసు మొదలు, తోక ఈ బొమ్మలో కనిపించవు.

*కణపు పొరను, అంటే కణత్వచాన్ని, కణకుడ్యం అనడం.* కుడ్యం మొక్కలకూ బ్యాక్టీరియాకూ ఉంటుంది. మనకున్నది త్వచమే.

*పట్టు దొరికింది కాబట్టి పని అయిపోయిందనుకోవడం.* ఇదే పెద్ద పొరపాటు. గుండెలో ఎక్కువగా ఉండే బీటా-1 గ్రాహకపు గూడు దాదాపు ఇలాగే ఉంటుంది. పైగా బీటా-2 ఊపిరితిత్తుల్లోనే కాదు, ఒంటి కండరాల్లోనూ ఉంది. ఇన్‌హేలర్ పీల్చాక కొందరికి చేతులు సన్నగా వణకడం, గుండె దడదడలాడడం అందుకే. ఓపిక మిగిలితే 2, వి, టి, 4 తెరవండి. అది టర్కీ కోడి బీటా-1. గూట్లో 113కి సాటి వచ్చే ఆస్పార్టిక్ ఆమ్లం ఎక్కడుందో మీరే వెతికి, కాగితం మీద రెండో రంగుతో చుక్క పెట్టండి.