ముట్టుకోబాకండి

పోయిన ఆదివారం మా ఇంటికి నలుగురు పిల్లలు అన్నానికి వచ్చారు. ముగ్గురు డాలస్ చుట్టుపక్కల యూనివర్సిటీల్లో ఎంఎస్ చదువుతున్నారు, ఒకడు హెచ్1బి మీద కొత్తగా దిగాడు. అందరిదీ మన నెల్లూరు జిల్లానే. మా ఆవిడ ముందురోజు రాత్రే మామిడికాయ ముక్కలు వేసి చేపల పులుసు చేసి పెట్టింది. మొదటి ముద్ద పెట్టుకున్న కోవూరు పిల్లోడు కాసేపు తలెత్తలేదు. చెయ్యి కడుక్కుని వచ్చాక ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. షూటింగ్ రేంజ్. చెవులకు మఫ్‌లు, రెండు చేతుల్లో నల్లటి పిస్టల్. "ఎట్టుందన్నా?" అన్నాడు.

నాకు ఒళ్లు చల్లబడింది. సరిగ్గా అట్టాంటి ఫొటోనే నేనూ ఒకప్పుడు దిగాను. దానికి ఎంత మూల్యం చెల్లించుకున్నానో ఆ పిల్లలకు చెప్తుంటే రాత్రి పదకొండయింది. ఇక్కడికి కొత్తగా వచ్చే మీకూ చెప్పాలనే ఇది రాస్తున్నా.

మిగతా సంగతులకు పెద్దగా భయపడాల్సిన పనిలేదు. బ్యాంకు ఖాతా ఒక్క పూటలో తెరుస్తారు. సోషల్ సెక్యూరిటీ కార్డు పర్సులో పెట్టుకుని తిరక్కండి, ఇంట్లో దాచండి. సోనా మసూరి ప్రతి ఇండియన్ స్టోర్లోనూ ఉంటుంది, మన మొలగొలుకుల బియ్యం మీద ఆశ వదిలేయండి. ఒక మంచి కోటు కొనుక్కుంటే టెక్సాస్ చలి గడిచిపోతుంది.

ఇక తుపాకీ. మనకు ఊళ్లో కనబడేదల్లా బ్యాంకు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న గార్డు ఒళ్లో డబుల్ బ్యారెల్, లేకపోతే పోలీసు నడుముకున్న పిస్టల్. ఎవరికైనా లైసెన్సు తుపాకీ ఉన్నా ఎలక్షన్ రాగానే పోలీస్ స్టేషన్లో అప్పజెప్పమంటారు. తుపాకీ అంటే యూనిఫాం పక్కన ఉండే వస్తువని మన కళ్లకు అలవాటైపోయింది. ఆ కళ్లతోనే ఇక్కడ దిగుతాం.

నేను మూడేళ్లు న్యూజెర్సీలో ఉండి, 2015 డిసెంబరులో టెక్సాస్ వచ్చాను. 2016 జనవరి 1 నుంచి ఇక్కడ లైసెన్సు ఉన్నవాళ్లు పిస్టల్‌ని హోల్‌స్టర్‌లో పెట్టి అందరికీ కనబడేలా తిరగొచ్చని చట్టం వచ్చింది. ఆ నెలలోనే ఒక కిరాణా షాపు క్యూలో మా ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో పాల క్యాను, కోడిగుడ్లు. నడుముకు తోలు హోల్‌స్టర్, పైన గుండీ పట్టీ, పట్టీ కింద పిస్టల్ పిడి. నాలుగేళ్ల మా పిల్లోడి కళ్లకు అది సరిగ్గా ఎదురుగా ఉంది. "నాన్నా, పోలీసు" అన్నాడు. పోలీసు కాదు. ఆయన వెనక్కి తిరిగి పిల్లోడికి చెయ్యూపి, డబ్బు కట్టి వెళ్లిపోయాడు. నేను మాత్రం సామాను బండి అక్కడే వదిలేసి, పిల్లోడిని ఎత్తుకుని బయటికొచ్చేశాను.

చాటుగా పెట్టుకోవడం అంతకు ముందే ఉంది. టెక్సాస్‌లో పిస్టల్ వెంట తీసుకెళ్లడం 1871 నుంచి నిషేధంగా ఉండేది. 1995లో చట్టం చేసి, లైసెన్సుతో బట్టల కింద దాచి పెట్టుకోవచ్చన్నారు. 2016లో కనబడేలా పెట్టుకోనిచ్చారు. 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. వయసు నిండి, చట్టం అడ్డులేని మనిషైతే చాలు. చదువుకునే పిల్లలకు ఇంకో మాట. 2016 ఆగస్టు 1 నుంచి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో లైసెన్సున్నవాళ్లు తుపాకీ తేవచ్చు, అయితే అది బయటికి కనబడకూడదు. క్లాసులో మీ పక్క కుర్చీలో ఉన్నవాడి బ్యాగులో ఏముందో మీకు తెలియదు.

కనబడేలా పెట్టుకునే ఓపెన్ క్యారీయా, దాచి పెట్టుకునే కన్సీల్డ్ క్యారీయా అని ఇక్కడివాళ్లలో తెగని వాదన నడుస్తూనే ఉంటుంది. కనబడితే దొంగ దగ్గరికి రాడు, నా హక్కును నేనెందుకు దాచుకోవాలి అంటారు ఒకరు. కనబడితే ముందు నిన్నే కాలుస్తారు, వెనకనుంచి లాక్కుంటారు, పిల్లలు జడుసుకుంటారు, దాచుకోవడమే మర్యాద అంటారు ఇంకొకరు. ఈ వాదన రాష్ట్రాన్నీ కాలాన్నీ బట్టి మారిపోతుంటుంది. 1967లో బ్లాక్ పాంథర్స్ అనే నల్లజాతి ఉద్యమకారులు తుపాకులు పట్టుకుని కాలిఫోర్నియా శాసనసభకు వెళ్లారు. ఆ ఏడే, తూటాలు నింపిన తుపాకీ బాహాటంగా పట్టుకు తిరగకూడదని అక్కడ చట్టం వచ్చింది. సంతకం పెట్టింది గవర్నర్ రేగన్. ఒక రాష్ట్రంలో చెల్లేది పక్క రాష్ట్రంలో చెల్లదు. మన టెక్సాస్‌లో దుకాణం తలుపు మీద అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లీషులో, స్పానిష్‌లో పెద్ద బోర్డు ఉంటే ఆగి చదవండి. 30.06 అని ఉంటే లైసెన్సున్నవాళ్లు కూడా దాచిన తుపాకీతో లోపలికి రాకూడదు, 30.07 అంటే కనబడే తుపాకీతో రాకూడదు.

నన్నడిగితే కనబడేదే నయం. ఆ రోజు షాపులో నాకు కనబడింది కాబట్టే బండి వదిలేసి బయటికి రాగలిగాను. దాచినదాని నుంచి తప్పుకోవడానికి నాకు దారేది? కానీ ఈ ఊళ్లో ఎక్కువమంది దాచుకునేవాళ్లే. అందువల్ల ప్రతి చొక్కా కిందా, ప్రతి కారులోనూ ఒకటి ఉండొచ్చన్న లెక్కతోనే ఇక్కడి పోలీసూ, ఇంటి యజమానీ మసలుకుంటారు. మీరూ ఆ లెక్క నేర్చుకోవాలి.

తప్పు తలుపు తట్టబాకండి. 1992లో బ్యాటన్ రూజ్‌లో హట్టోరి అనే 16 ఏళ్ల జపాన్ కుర్రాడు హాలోవీన్ పార్టీకని వెళ్తూ, ఇల్లు పొరపాటుపడి వేరేవాళ్ల ఇంటికి వెళ్లాడు. ఇంటాయన తుపాకీ ఎత్తి 'ఫ్రీజ్' అని అరిచినా ఆగలేదు. ప్రాణం పోయింది. మనకు ఫ్రీజ్ అనగానే ఫ్రిజ్ గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాటకు అర్థం కదలకుండా నిలబడమని. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో ఇంకో 16 ఏళ్ల పిల్లోడు తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లి వేరే ఇంటి బెల్లు కొట్టాడు. ఇంట్లో ముసలాయన కాల్చాడు. వాడు బతికి బయటపడ్డాడు. ఇంటి నంబరు రెండుసార్లు చూసుకోండి. అనుమానమొస్తే గేటు బయటనుంచే ఫోన్ చేయండి.

ఇప్పుడు నన్ను కాల్చిన సంగతి. 2016 ఎండాకాలంలో ఆఫీసువాళ్లం టీమ్ ఔటింగ్ అని షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. లోపలికి పోతూనే ఒక కాగితం ఇచ్చారు, రెండు వైపులా చిన్న చిన్న అక్షరాలు. వీసా మీద ఉన్నవాళ్లు ఆయుధం పట్టుకోకూడదన్న మాట అందులోనే ఉంది. నేను చదవకుండా సంతకం పెట్టాను. ఈ దేశంలో మనవాళ్లకు ఇదొక జబ్బు, కాగితం ఇస్తే పెన్ను ఎక్కడుందని వెతుకుతారు! పిస్టల్ నేననుకున్న దానికన్నా బరువుంది. మొదటి దెబ్బకే ఎగిరిన ఇత్తడి గొట్టం నా కాలర్లో పడి మెడ కాలింది. ఆ మచ్చ రెండు వారాల్లో మానింది. ఫొటో మాత్రం ఫేస్‌బుక్‌లో ఉండిపోయింది. "మైపాడు హీరో" అని ఊళ్లో స్నేహితులు రాశారు.

2020 అక్టోబరులో గ్రీన్‌కార్డు క్యూలో మన డేట్లు ఒక్కసారిగా ముందుకు జరిగాయి. గ్రీన్‌కార్డు అప్లికేషన్ నింపుతూ లాయరమ్మ ఫోన్లో ఒక్కో ప్రశ్నా చదువుతోంది. ఆయుధాల శిక్షణ ఎప్పుడైనా తీసుకున్నారా అనే ప్రశ్న వచ్చింది. నేను కాసేపు ఆగి, రేంజ్ సంగతి చెప్పాను. అవతల నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత అడిగింది, చేత్తో పట్టుకున్నారా, కాల్చారా, అప్పుడు ఏ వీసా, వేట లైసెన్సు ఏమైనా ఉందా? అప్పుడు చెప్పింది: వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీగానీ తూటాగానీ ఉండటమే ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. (ఆమె చెప్పాక, 2022లో దానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లయింది.) తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేస్తారు. మీ స్నేహితుడు చట్టప్రకారం కొన్నదే అయినా, అద్దెకిచ్చినదైనా, పట్టుకున్నది పది నిమిషాలే అయినా, మీ చేతిలో ఉంటే మీదే తప్పు.

ఆమె జరిగింది జరిగినట్టు రాసి పంపింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా, పోస్టుబాక్సు తెరిచిన ప్రతిసారీ నా గుండె గుబేలుమనేది. ఎయిర్‌పోర్టులో ఎవరైనా ఆ ఫొటో చూపించి అడుగుతారేమోనన్న భయంతో ఇండియా ప్రయాణం మానుకున్నాను. మా నాన్న సంవత్సరీకం నేను లేకుండానే జరిగింది. కార్డు వచ్చింది, కానీ ఆ రోజు తిరిగి రాదు.

ఈ దేశానికి రాకముందు మొహర్రంలో రొట్టెల పండుగకు మా అమ్మ నన్ను నెల్లూరు బారా షహీద్ దర్గాకు తీసుకెళ్లింది. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ముఖం తెలియని ఒకామె చేతినుంచి వీసా రొట్టె తీసుకున్నాం. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి ఆ రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. "ఎప్పుడొస్తావు అబ్బయా, రొట్టె బాకీ ఉంది" అని అమ్మ ప్రతి ఏడూ అడిగేది. ఒక ఫొటో వల్ల రాలేకున్నానని ఆమెకు ఎట్టా చెప్పేది?

కాబట్టి ముట్టుకోబాకండి. రేంజ్‌కి రమ్మంటే బయట కూర్చుని కాఫీ తాగండి. ఇప్పటికే పట్టుకుని ఉంటే దాచుకోకుండా లాయరుకు చెప్పండి. స్నేహితుడి కారు తీసుకునేముందు గ్లవ్ బాక్సులో ఏముందని మొహమాటం లేకుండా అడగండి. రూమ్మేట్‌కి తుపాకీ ఉంటే అది వాడి గదిలో, వాడి తాళం కింద ఉండాలి. ఊరికి వెళ్తూ ఇంకొకరి సూట్‌కేసు అడిగి తీసుకుంటే ప్రతి జేబూ తడిమి చూడండి. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా మిమ్మల్ని మన ఎయిర్‌పోర్టులోనే కేసులో ఇరికిస్తుంది. స్టోర్లో పనికి పెట్టుకున్న ఓనరు కౌంటర్ కింద తుపాకీ చూపించి, అవసరమైతే తియ్యమంటాడు. తియ్యబాకండి. స్టూడెంట్ వీసా మీద ఆ పనే చెయ్యకూడదు, అది ఇంకో తప్పు.

భయం వేస్తుంది కదన్నా, కాపాడుకోవద్దా అని హెచ్1బి పిల్లోడు అడిగాడు. ఆ భయం నాకు తెలుసు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో, ఒలేతలో మన తెలుగువాడు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు మేమెవరమూ నిద్రపోలేదు. బార్లో గొడవ చేసినవాడిని బయటికి పంపితే, వెళ్లి తుపాకీతో తిరిగొచ్చాడు. అది ఒరలో కనబడిందా, చొక్కా కింద దాగిందా అన్న చర్చ అక్కడ దేనికీ పనికిరాదు. 2023 మే 6న మాకు దగ్గర్లోనే అలెన్ షాపింగ్ మాల్‌లో ఎనిమిది మందిని చంపారు, అందులో మన తెలుగమ్మాయి ఒకామె ఉంది. ఇంకో సంగతి కూడా వినండి. 2024 నవంబరులో అట్లాంటాలో ఎంఎస్ చదివే మన కుర్రాడు తన వేట తుపాకీ తుడుస్తూ, అది పేలడంతో చనిపోయాడు. ఆ రోజు వాడి పుట్టినరోజు. ఇంట్లో స్నేహితులున్నారు.

శనివారం పొద్దున, పోలీసు కారు ఆపితే ఏం చెయ్యాలో నేర్పడానికి ఆ నలుగురినీ ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లాను. మన ఊళ్లో పోలీసు ఆపితే మర్యాదగా బండి దిగి ఆయన దగ్గరికి నడిచి వెళ్తాం. ఇక్కడ దిగితే ఆయన చెయ్యి తన తుపాకీ మీదికి పోతుంది. అద్దం దించి, లోపల లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ పైన పెట్టి కూర్చోవాలి. కాగితాలు అడిగినప్పుడు, అవి ఎక్కడున్నాయో నోటితో చెప్పి, తర్వాత తియ్యాలి. కోవూరు పిల్లోడిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, నేను వెనకనుంచి నడిచొచ్చి అద్దం మీద తట్టాను. వాడి చెయ్యి దానంతటదే డోరు మీదికి పోయింది.

"మళ్లీ" అన్నాను.