తొలకరికి ముందు పశువుల ఎరువు – సారము పోకుండ కాపాడుట



వేసవిలో పనులు తీరికపడగానే పెంటకుప్పలు తవ్వి, ఎరువును బండ్లపైననో ట్రాక్టరుపైననో పొలములకు తోలుట మనకు తరతరాల వాడుక. తోలుట మంచిదే. కాని తోలిన ఎరువును చిన్న చిన్న కుప్పలుగా పోసి, తొలకరి వరకు వారముల తరబడి వదలివేయుటవలన దాని సారములో చాలభాగము పైరుకు అందకయే పోవుచున్నది.

ఎరువు విలువ ఎంత?

బాగుగా చివికిన పశువుల ఎరువులో సగటున నూటికి 0.5 వంతు నత్రజని, 0.2 వంతు భాస్వరము, 0.5 వంతు పొటాష్ ఉండును. ఎకరాకు 4 టన్నులు తోలినచో 20 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరము, 20 కిలోల పొటాష్ తోలినట్లే. 45 కిలోల యూరియా బస్తాలోని నత్రజని కూడ ఇంచుమించు ఇంతే. అయితే ఎరువులోని నత్రజని ఒక్కసారిగా అందదు. కొంత ఈ పైరుకు, కొంత తరువాతి పైర్లకు అందును. యూరియా బస్తా విప్పి వానలో పారబోయు రైతు ఎవరును ఉండరు. పెంటను మాత్రము ఏల అట్లు చేయవలెను?

సారము పోవు దారులు

మొదటిది ఎండ, గాలి. నత్రజనిలో కొంత అమోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోవును. కుప్ప చిన్నదైనకొలది ఎండ తగులు భాగము హెచ్చు, నష్టమును హెచ్చే.

రెండవది వాన. ఎండకు బిగిసిన నేల మొదటి జడివానను వెంటనే పీల్చుకొనలేదు. నీరు వాలు వెంట పారి, కరిగిన నత్రజనిని, పొటాష్‌ను, మట్టితో కూడిన భాస్వరమును చెరువుకు చేర్చును. మరికొంత సారము కుప్ప క్రిందనే దిగును. కుప్ప పోసినచోట పైరు నల్లగా ఏపుగా పెరిగి, ఆవల పాలిపోయి ఉండుట మీరు చూచియే యుందురు.

చెరువుకు, బావికి కీడు

ఈ సారముతో చెరువులో నాచు, గుర్రపుడెక్క ప్రబలును. అవి కుళ్ళునపుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణము. అంతకు మించిన నీటితో డబ్బాపాలు కలిపి పట్టినచో పసిబిడ్డలకు ప్రమాదము.

చలిదేశములలోను ఇదే సమస్య కలదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో శీతకాలమున నేల గడ్డకట్టును. అట్టి నేలపై చల్లిన పెంట సారము మంచు కరిగిన నీటితో కొట్టుకొనిపోవును. ముఖ్యముగా పొలముల నుండి చేరిన భాస్వరమువలన ఈరీ సరస్సులో విషపు నాచు పెరిగి, 2014 ఆగస్టులో టొలీడో ప్రాంతమున 4 లక్షలకు పైగా జనులు కొళాయి నీరు త్రాగలేకపోయిరి. 2015లో ఆ సరస్సు పడమటి ప్రాంతమున గడ్డకట్టిన నేలపై పెంట చల్లరాదని చట్టము చేసిరి. 24 గంటలలో మట్టిలో కలిపినచో మినహాయింపు ఇచ్చిరి. అక్కడ మంచుకు బిగిసిన నేల, ఇక్కడ ఎండకు బిగిసిన నేల. నివారణ ఒక్కటే: ఎరువును వెంటనే మట్టిలో కలుపుట.

చేయవలసిన పనులు

1. పెంటను గుంటలో వేయుడు. పొడవు 6 మొదలు 7.5 మీటర్లు, వెడల్పు 1.5 మొదలు 2 మీటర్లు, లోతు 1 మీటరు చాలును. చోటు మెరకగా, బావికి చెరువుకు దూరముగా ఉండవలెను.

2. కొట్టములో చెత్తయో పొడిమట్టియో పరచి, మూత్రముతో తడిసినదానిని గుంటలో వేయుడు. పొటాష్‌లో అధికభాగము మూత్రములోనే ఉన్నది.

3. గుంట నిండి నేలకు అరమీటరు ఎత్తు లేవగానే పేడయు మట్టియు కలిపి పైన మెత్తుడు. 4, 5 నెలలలో ఎరువు సిద్ధమగును.

4. ముందుగా తోలక తప్పనిచో పొలము మెరకన ఒకే పెద్ద కుప్పగా పోసి, మట్టి కప్పి, చుట్టు చిన్న కట్ట వేయుడు.

5. బాగుగా చివికిన ఎరువును విత్తుటకు కొద్దిగా ముందు, సగము చివికినదానిని 3, 4 వారముల ముందు, నేల పదునుచూచి చల్లుడు. ఆనాడు దున్నగలిగినంత మేరకే చల్లి, ఆనాడే కలియదున్నుడు.

6. వాలు భూములలో వాలుకు అడ్డముగా దున్నుడు. వాగు, చెరువు అంచున కొంత గడ్డిపట్టీ వదలుడు.

గ్రామోద్యోగులును, పంచాయతీ పెద్దలును చెరువుగట్లపైన, త్రాగునీటి బావుల చెంత ఉన్న పెంటకుప్పలను తొలకరికి ముందే తీయించవలెను. గుంటలకు తగిన మెరక చోట్లు చూపించినచో రైతులకు మేలగును.

ఈ ఏడు ఒక ఎకరములోనైనను ఈ పద్ధతి పాటించి, ప్రక్క చేనితో పోల్చి చూడుడు.