బాపమ్మ పాటకు ఎవరి పేరు?

సమస్య

మాది ఖిలా వరంగల్, మధ్యకోట. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. అయిదుగురం కలిసి ఒక మ్యూజిక్ వీడియో తీయాలి, అదే మా ప్రాజెక్టు. ఏ పాట తీసుకోవాలో ఎవరికీ తోచకపోతే, మా బాపమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాట ఉందని నేనే చెప్పాను. అందరినీ ఇంటికి తీసుకొచ్చాను. ఆమె మంచి చీర కట్టుకొని, తల దువ్వుకొని కూర్చుని పాడింది. ఫోన్లలో రికార్డు చేసుకున్నారు.

తర్వాత అంతా మారిపోయింది. కెమెరా ఉన్న అబ్బాయి చెప్పిందే వేదం. కొత్తగా రెండు చరణాలు రాసి కలిపాడు. బీటు వేయించాడు. బాపమ్మ గొంతు వణుకుతోందని వేరే అమ్మాయితో పాడించాడు. టైటిల్స్‌లో 'రచన' అని తన పేరే వేసుకున్నాడు. ఇదేమిటని అడిగితే, 'జానపదం కదా, ఎవరిదీ కాదు' అన్నాడు. యూట్యూబ్‌లో కూడా తన ఛానెల్‌లోనే పెడతాడట. మా కోటలోని కీర్తి తోరణాల దగ్గర స్టాండు పెట్టి డాన్సు తీయబోతే అక్కడి సిబ్బంది ఆపేశారు. 'నువ్వు ఉండేది కోటలోనే కదా, వాళ్లతో మాట్లాడి ఒప్పించు' అని ఆ పని కూడా నాకే అప్పజెప్పారు. ఎడిటింగ్ అంతా ముందునుంచీ నాదే.

'నా పాట ఎప్పుడొస్తది బిడ్డా' అని బాపమ్మ రోజూ అడుగుతోంది. గట్టిగా మాట్లాడితే గ్రూపు చీలిపోతుంది, మార్కులు పోతాయి. ఊరుకుందామంటే ఆమె ముఖం చూడలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

– పేరు వద్దు, ఖిలా వరంగల్

సలహా

అమ్మా, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు పాట సంగతి తేల్చుకో.

'జానపదం ఎవరిదీ కాదు' అన్నదాంట్లో సగమే నిజం. ఆ పాట మొదట ఎవరు కట్టారో తెలియకపోవచ్చు. మీ చెవిదాకా తెచ్చిందెవరో మాత్రం మీ అయిదుగురికీ తెలుసు. అయినా ఎవరిదీ కాని పాట ఆ అబ్బాయిది ఎలా అవుతుంది? 'రచన' అన్నచోట అతని పేరు ఉండకూడదు. అలాగని అతని కష్టాన్ని తీసిపారేయొద్దు. 'సంప్రదాయ నాట్ల పాట' అని వేసి, దాని కింద 'పాట అందించినవారు, పాడినవారు' అని బాపమ్మ పూర్తి పేరు, మధ్యకోట అని ఊరి పేరు వేయండి. ఆ తర్వాత 'అదనపు చరణాలు' అని అతని పేరు వేయండి. ఇలా వేస్తే ఎవరి పని వారికి దక్కుతుంది.

వరంగల్ జిల్లాలోనే పుట్టిన బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో పరిశోధించి డాక్టరేట్ అందుకున్నారు. ఆ చదువుకు ఆధారం బాపమ్మ లాంటివాళ్ల నోట నిలిచిన పాటలే. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం 'సారంగ దరియా' పాట వచ్చినప్పుడు, దాని జానపద రూపాన్ని అంతకుముందే టీవీలో పాడిన మీ జిల్లా గాయని తన గుర్తింపు కోసం నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. అడగగలిగే ధైర్యం, అడిగితే వినే మనుషులు అందరికీ ఉండరు. మీ బాపమ్మ తరఫున అడగాల్సింది నువ్వే. చట్టం కూడా ఆమె వైపే ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, ప్రదర్శన ఇచ్చినవారికి తమ పేరు చెప్పించుకునే హక్కు చేర్చారు. ఆమె గొంతు వాడుకుంటే ఆ హక్కు ఆమెకూ వర్తిస్తుంది.

ఇక గొంతు వణుకుతోందన్న మాట. అది వినగానే నాకు బాధ కలిగింది. వంగి నారు నాటుతూ, పక్క మనిషి అందుకునేలా పాడే పాట అది. ఆ ఊపిరి, ఆ ఆగడం పాటలో భాగమే. ఎడిటింగ్ నీ చేతిలోనే ఉంది కాబట్టి ఈ పని చెయ్యి: ఫ్యాను ఆపి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బీటు వినిపించకుండా ఆమెతో మళ్లీ పాడించు. ఆమె నడకకు బీటు కట్టమని చెప్పు. బీటుకు తగ్గట్టు ఆమెను పరుగెత్తించొద్దు. కెమెరా ముందు పెదవులు కలపమని కూడా అడగొద్దు, ఆ వయసులో అది హింస. ఒక్క చరణం ఆమె పాడుతుండగా ఆపకుండా తీసి, అప్పటి శబ్దాన్నే ఉంచు. మిగతా పాటకు చేతులు, నీళ్లు, మడి గట్లు చూపించండి. ఆ అమ్మాయి గొంతు కూడా వృథా కాదు, వెనక అందుకునే గుంపులో బాగా ఇముడుతుంది.

తోరణాల దగ్గర మిమ్మల్ని ఆపినవాళ్ల తప్పేమీ లేదు. స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిచిన ఆ తోరణాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. స్టాండు పెట్టి, మనుషులతో ఆడించి తీయాలంటే ముందుగా శాఖకు దరఖాస్తు పెట్టుకొని అనుమతి తెచ్చుకోవాలి. డ్రోన్ ఎగరేయాలంటే వేరే అనుమతులు కావాలి. కాపలా మనిషిని బతిమాలి దొడ్డిదారిన తీస్తే అతని ఉద్యోగానికే ముప్పు. పక్కింటి పిల్లవని నిన్ను ఆ పనికి పంపడం అన్యాయం, వెళ్లనని చెప్పు. నన్నడిగితే ఈ పాటకు తోరణం అక్కర్లేదు. పెళ్లి వీడియోల్లో దాన్ని చాలాసార్లు చూశాం. రాతికోటకూ మట్టికోటకూ నడుమ పొలాలున్నాయి కదా. మీకు తెలిసిన రైతును అడిగి అక్కడ తీయండి. పాట పుట్టిన చోటు అలాంటిదే.

ఆ అబ్బాయితో ముందు నువ్వొక్కదానివే మాట్లాడు. నలుగురిలో నిలదీస్తే పట్టుదలకు పోతాడు. అప్పటికీ వినకపోతే, ఎవరు ఏ పని చేశారో ఒక కాగితం మీద రాసి లెక్చరర్‌కు ఇవ్వు. అందులో నీ ఎడిటింగ్ కూడా రాయి, మొహమాటపడొద్దు. అది చాడీ చెప్పడం కాదు, గ్రూపు ప్రాజెక్టుకు ఉండాల్సిన లెక్క. వీడియో ఎవరి ఛానెల్‌లో పెట్టాలో, రేపు దానిమీద డబ్బు వస్తే ఎవరికి చెందాలో కూడా అదే కాగితంలో రాసుకోండి.

అన్నిటికంటే ముందు, ఇప్పటిదాకా చేసిన పాటను బాపమ్మకు వినిపించు. దాస్తే రేపు ఇంకొకరి ఫోన్లో వింటుంది. ఏం మార్చారో, ఎక్కడ పెడతారో ఆమెకు అర్థమయ్యేలా చెప్పి అడుగు. ఆమె సరేనంటే కాలేజీలో ఇవ్వండి, యూట్యూబ్‌లో పెట్టండి. వద్దంటే ఆ పాట వదిలేసి మరో పాట వెతుక్కోండి.