కిటికీకి కోటి పది లక్షలు

సమస్య



మాది రాజాం దగ్గర పల్లె. పెళ్ళయి పన్నెండేళ్ళు. తొమ్మిదేళ్ళుగా విశాఖపట్నం లాసన్స్‌బే కాలనీలో అద్దెకుంటున్నాం. నేను ఎంవీపీ కాలనీలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారికి గాజువాక అవతల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఉదయం ఆరున్నరకి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తారు. బాబు నాలుగో తరగతి.

వచ్చినప్పుడు అద్దె 11 వేలు, ఇప్పుడు 24 వేలు. మొన్న ఇంటివారు కబురు పెట్టారు, సంక్రాంతికల్లా ఖాళీ చేయాలట. బీచ్‌కి వచ్చే టూరిస్టులకి రోజువారీ ఇచ్చుకుంటే రెండింతలు వస్తుందట. విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందన్నప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఎక్కడ అడిగినా 30 వేలకి తక్కువ చెప్పడం లేదు.

రుషికొండ వైపు కడుతున్న అపార్టుమెంటులో ఒక ఫ్లాట్ చూశాను. ఏడో అంతస్తు. హాలు కిటికీలోంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది. కోటి పది లక్షలు. పెళ్ళిలో నాన్న పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం అమ్మితే 35 లక్షలు వస్తాయి. దాచుకున్నది 5 ఉంది. మిగతా 70 లోను పెట్టాలి. ఇద్దరి జీతాలూ కలిపి లక్షా పది వేలు.

మావారు వద్దంటున్నారు. విజయనగరంలో అత్తమామలకి సొంత ఇల్లుంది, మేడ మీద వాటా ఖాళీ. అద్దె ఉండదు, అక్కడికి పోదాం, నేను రోజూ రైల్లో వచ్చి వెళ్తాను అంటారు. ఆ మేడకి మెట్లు ఇంట్లోంచే. ఎక్కినా దిగినా అత్తగారి కుర్చీ దాటాలి. పండక్కి వెళ్ళిన నాలుగు రోజుల్లోనే నేను ఏ పూట ఏం వండానో వీధంతా తెలుస్తుంది. ఆడపడుచు పక్క వీధే. గ్యాసు కలిసొస్తుంది, వంటిల్లు ఒకటే చాలని అత్తగారు అప్పుడే అనేశారు. నేను ఉద్యోగం మానేయాలి, ఆ తర్వాత రూపాయి కావాలన్నా ఒకరిని అడగాలి. ఫోన్లో అత్తగారు “ఏటమ్మా, సముద్రం కూడెడతాదా?” అన్నారు. చెడ్డావిడ కాదు, నాకు టైఫాయిడ్ వస్తే పగలూ రాత్రీ కనిపెట్టుకున్నారు. అయినా...

సాయంత్రం తెన్నేటి పార్కు దాకా నడిచి కాసేపు పిట్టగోడ మీద కూర్చుంటే తప్ప నాకు రోజు గడిచినట్టుండదు. సముద్రం లేని ఊళ్ళో బతకలేననిపిస్తోంది. ఫ్లాట్ కొనమంటారా?

– ఒక సోదరి, విశాఖపట్నం

సలహా

అమ్మాయ్,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి చేతిలో పెన్సిల్‌తో. సముద్రం గురించి మూడు వాక్యాలున్నాయి. మెట్లు, కుర్చీ, వంటిల్లు, ఆడపడుచు వీటి గురించి అంతకు మూడింతలున్నాయి. అత్తగారింటికి రానని చెప్పడానికి నోరు రాక మీరు సముద్రాన్ని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. ఆ మధ్యవర్తి కోటి పది లక్షలు అడుగుతోంది.

కాబట్టి ముందు ఆ ముక్క మీవారికి విడిగా చెప్పేయండి. “మీ అమ్మంటే నాకు గౌరవమే. కానీ ఒకే వంటింట్లో ఉండలేను, ఉద్యోగం వదులుకోలేను.” ఇందులో అలల ప్రస్తావన అక్కర్లేదు. ఇక ఆయన చెప్పిన రైలు సంగతి: విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్ళీ గాజువాక అవతలికి. అద్దె మిగులుతుంది గానీ ఆ మనిషి ఇంట్లో మిగలడు. ఇదే లెక్క మీ ఫ్లాటుకీ వర్తిస్తుంది, కోపం తెచ్చుకోకండి. రుషికొండ నగరానికి ఈ చివర, గాజువాక ఆ చివర. మీరిద్దరూ చెప్పిన రెండు దారుల్లోనూ దూరం పెరిగేది ఆయనకే.

ఇక సముద్రం సంగతి. నేను పెదవాల్తేరులో 19 ఏళ్ళున్నాను, కాబట్టి ఉప్పు గురించి నాకు చెప్పక్కర్లేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారేది, అప్పడాలు పొయ్యి దిగిన పావుగంటకే మెత్తబడేవి, అవి పెద్ద బాధలు కావు. బీరువా తలుపు కీళ్ళు తుప్పుపట్టి పట్టుచీరలకి ఎర్రమరకలు అంటినప్పుడు ఏడ్చాను. ఏసీ బయటి పెట్టె నాలుగో ఏడు దాటలేదు. గేటుకి ఏటా రంగు వేయించాల్సిందే. అసలు జబ్బు ఇంకా లోపల ఉంటుంది. ఉప్పుగాలి సిమెంటులోకి ఇంకి చువ్వలకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న సిమెంటుని తోసేస్తుంది. పెచ్చులు ఊడాయని మేస్త్రీని పిలిస్తే ఆయన పైపూత వేసి పోతాడు, రెండేళ్ళకి మళ్ళీ అదే చోట ఊడుతుంది. ఈ ఖర్చు ఏ బ్రోచరులోనూ ఉండదు. అద్దెకున్నన్నాళ్ళూ దీన్ని భరించేది ఇంటివారు. కొన్న మర్నాటి నుంచి మీరు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. మాకెంతో ఇష్టమైన ఆ పెద్ద కిటికీ అద్దమే ముందు పగిలింది. మేం పరుపుని తలుపుకి అడ్డంపెట్టి స్నానాలగదిలో కూర్చున్నాం. మా వీధికి కరెంటు పదకొండో రోజున వచ్చింది. సీ వ్యూ అంటే సముద్రానికి కూడా మీరు కనిపిస్తున్నారని అర్థం.

లెక్కకి వద్దాం. 70 లక్షలు, 20 ఏళ్ళు, వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుంటే నెలకి 60 వేల 700 కట్టాలి, అంటే ఇద్దరి సంపాదనలో సగానికి పైన. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం, ఇంకా కడుతున్న ఇల్లు గనక జీఎస్టీ మరో 5 శాతం. ధరలో కలిపారా అని అడిగారా? లేకపోతే దాదాపు పద్నాలుగు లక్షలు, మీ కాగితంలో ఎక్కడా కనపడలేదు. మన నగరాల్లో ఇంటి ధరలో ఏడాది అద్దె చాలావరకు మూడు శాతం అటూ ఇటూగానే పలుకుతుంది. అంటే ఆ కిటికీనే అద్దెకి తీసుకుంటే పాతిక, మహా అయితే ముప్పై వేలు. ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగొచ్చు. కానీ ఉండే ఇల్లు అమ్మితేనే ఆ లాభం చేతికొస్తుంది, అమ్మితే మళ్ళీ కిటికీ ఉండదు. ఇంకో మాట. మీ ఏడో అంతస్తుకీ నీళ్ళకీ మధ్య ఉన్న ఖాళీ స్థలం ఎవరిది? అక్కడ రేపు తొమ్మిది అంతస్తులు లేస్తే మీరు చూసేది ఎదుటివాళ్ళ బట్టల తీగ.

నాన్నగారి ఎకరం మాత్రం ముట్టుకోకండి. రేపు ఉద్యోగం పోయినా మీ పేర ఉండేది అదొక్కటే.

సముద్రం వల్ల ఏమీ లేదని నేననను. మేలో రాజాం మాడిపోతుంటే ఇక్కడ సముద్రం మీంచి గాలి తిరుగుతుంది, ఒళ్ళంతా జిగటగా ఉన్నా సరే. బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్ళు ఆపేసి మనుషుల్ని నడవనిస్తారు. జాలరిపేట ఆడవాళ్ళు గంపలో తెచ్చే కవళ్ళ చేపల రుచి లోపలి ఊళ్ళలో దొరకదు. వీటన్నిటికన్నా పెద్దది మీరు రాయలేదు గానీ నాకు తెలుసు. ఆ పిట్టగోడ మీద ఒక ఆడమనిషి ఒంటరిగా గంట కూర్చున్నా, ఎవరి కోడలివమ్మా అని అడిగేవాళ్ళుండరు. మీకు కావలసింది అది. ఆ గోడకి అద్దె లేదు, ఏడో అంతస్తులో అది దొరకదు.

ఇప్పుడు చేయాల్సింది: అగ్రిమెంటు తీసి గడువు చూడండి, బాబు పరీక్షలయ్యేదాకా, ఏప్రిల్ వరకు, ఉండనిమ్మని ఇంటివారిని అడగండి. ఈలోపు బీచ్ రోడ్డు వదిలి వెనక్కి వెళ్ళి వెతకండి. మద్దిలపాలెం సందులు, ఎంవీపీలో లోపలి సెక్టార్లు, విశాలాక్షినగర్, ఆరిలోవ. అద్దె దిగుతుంది, స్కూలు దగ్గరే ఉంటుంది. సముద్రానికి నడకో ఆటోనో. కొనాలనే ఉంటే ఆయన దారిలో, ఎన్ఏడీ, గోపాలపట్నం వైపు చిన్నది చూడండి, తొందర లేదు.

ఇంకొకటి అడగాలి. తొమ్మిదేళ్ళ సంగతులు రాశారు, అందులో మీవారు ఒక్కసారైనా ఆ ఇసుకలో కాలు పెట్టినట్టు లేదు. ఆరున్నరకి వెళ్ళి ఎనిమిదికి వచ్చే మనిషికి సముద్రం అంటే చీకట్లో చప్పుడే. ఈ ఆదివారం ఎండ చల్లబడ్డాక తెన్నేటి పార్కుకి ఆయన్నీ తీసుకెళ్ళండి. మీ గోడ మీద పక్కన కూర్చోబెట్టి, ఆ వంటింటి మాట అక్కడ చెప్పండి.