హైదరాబాద్ – దుబాయి: ఎంత దూరం? ఎంత సేపు?

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి ఎంతోమంది పనికోసం గల్ఫ్ దేశాలకు వెళ్తుంటారు. వారి టికెట్టు మీద బయలుదేరే సమయం, చేరే సమయం రెండూ ఉంటాయి. ఉదయం 10.00 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి, మధ్యాహ్నం 12.30కి దుబాయి చేరుతుందని ఉందనుకుందాం. మరి ప్రయాణం రెండున్నర గంటలేనా? కాదు, నాలుగు గంటలు! ఎలాగో తెలుసుకుందాం.

దూరం: గ్లోబు మీద ఈ రెండు నగరాలను కలుపుతూ ఒక దారం బిగించి పట్టండి. అదే అతి దగ్గరి దారి. లెక్క ప్రకారం అది సుమారు 2,550 కిలోమీటర్లు.

వేగం: పెద్ద విమానం పైకి చేరాక గంటకు దాదాపు 850 కి.మీ. వేగంతో పోతుంది. 2,550ని 850తో భాగిస్తే 3 గంటలు. కానీ పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. రన్‌వే వరకు నేలమీద మెల్లగా వెళ్లాలి. ఆకాశంలోనూ నిర్ణీత మార్గాలుంటాయి, అవి దారంలాగ తిన్నగా ఉండవు. పైగా ఎత్తైన ఆకాశంలో, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వెళ్లేటప్పుడు అవి ఎదురుగాలులు. అందుకే సుమారు 4 గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు అవే గాలులు వెనుక నుండి తోస్తాయి కనుక సుమారు మూడున్నర గంటలు చాలు.

కాలంలో తేడా: భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశ కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఈ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. దుబాయి కాలానికి ఆధారం 60 డిగ్రీల తూర్పు రేఖాంశం. తేడా 22½ డిగ్రీలు. 22½ × 4 = 90 నిమిషాలు. మనం తూర్పున ఉన్నాం కాబట్టి మన గడియారమే గంటన్నర ముందు. ఇక్కడ స్టడీ అవర్‌లో రాత్రి 8.00 అయితే అక్కడ సాయంత్రం 6.30 మాత్రమే.

టికెట్టు చదివే పద్ధతి: టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. కాబట్టి ముందు రెండింటినీ ఒకే దేశ కాలంలోకి మార్చి, ఆ తర్వాత తీసివేయాలి. దుబాయిలో 12.30 అంటే మనకు 2.00. ఉదయం 10.00 నుండి 2.00 వరకు నాలుగు గంటలు. లెక్క సరిపోయింది కదా!

తేదీ జాగ్రత్త: నాన్న 10వ తేదీ రాత్రి 10.00కు దుబాయిలో బయలుదేరితే, మూడున్నర గంటల ప్రయాణానికి గంటన్నర కలపాలి. శంషాబాద్‌లో దిగేది 11వ తేదీ తెల్లవారుజామున 3.00కు. ఈ లెక్క తెలియకపోతే ఊరి నుండి బండి కట్టించుకుని వెళ్లినవారు ఒక రోజు ముందో వెనుకో అయిపోతారు. కిరాయి వృథా, నిద్ర వృథా!

మీకొక లెక్క: 10వ తేదీ రాత్రి 9.00కు హైదరాబాద్‌లో బయలుదేరిన విమానం 4 గంటలు ప్రయాణిస్తే, దుబాయిలో ఏ తేదీ, ఎన్ని గంటలకు దిగుతుంది?

పోటీ పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నలు అడుగుతుంటారు. మీరు నేర్చుకోండి, ఇంట్లో అమ్మకూ నేర్పండి.

(జవాబు: 10వ తేదీ రాత్రి 11.30)