ముందు అగ్రిమెంటు, ఆ తర్వాతే విమానం

ప్రశ్న: మాది యాలాల్ మండలం. తాండూరులో నాపరాయి పాలిషింగ్ పని చేస్తాను. పది పాస్ కాలేదు. విజిట్ వీసా మీద దుబాయ్ పోతే అక్కడ కంపెనీ వీసా మారుస్తారని ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. విజిట్ వీసాతో పని చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. జీతం ఆపినా, చెయ్యి విరిగినా మీరు అక్కడ పని చేసినట్టు చూపే కాగితం ఉండదు. ఆజాద్ వీసాదీ అదే ప్రమాదం: కఫీల్ (వీసా ఇప్పించే స్పాన్సర్) ఒకరు, పని ఇచ్చేది మరొకరు.

పది పాస్ కానివారికి ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు ఇస్తారు. దానితో గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో అనుమతి తప్పనిసరి. చాలామంది దీన్ని తలనొప్పి అనుకుంటారు, కానీ మీకున్న గట్టి రక్షణ ఇదే. యజమాని పేరు, జీతం, ఒప్పందం సర్కారు రికార్డుకెక్కుతాయి. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే.

అగ్రిమెంటులో మీ పని పేరు జాగ్రత్తగా చూడండి. పాలిషింగ్ అని నోటితో చెప్పి కాగితం మీద హెల్పర్ అని రాస్తే జీతం హెల్పర్‌దే. బేసిక్, ఓవర్‌టైం, వసతి, తిరుగు టికెట్ రాతలో ఉండాలి. చదవడం రాకపోతే తెలిసినవారితో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు తప్పక అడగండి. విదేశీ ఉద్యోగాలు చూపే హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ముందు పేరు నమోదు చేసుకోండి.