రక్తపరీక్షల దగ్గరే ఆగిపోకండి

గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్లకూ ఆసుపత్రులకూ మధ్య దూరం ఒకటి రెండు లైన్లే. నీట్‌లో సీటు రాని బైపీసీ విద్యార్థులు చాలామంది డీఎంఎల్‌టీలోనో, బీఎస్సీ ఎంఎల్‌టీలోనో చేరతారు. ల్యాబ్ పనంటే షుగరు, సీబీపీ చూడటమే అనుకుంటారు. అదీ నేర్చుకోవలసిందే కానీ, అందులో ఎక్కువ భాగం ఇప్పుడు ఎనలైజర్లే చేసేస్తున్నాయి. చేతి పనితనానికి ఇంకా విలువున్న చోటు, శరీరం నుంచి తీసిన ముక్కలను స్లైడ్ల మీద పరీక్షించే హిస్టోపాథాలజీ. ఎంఎల్‌టీ చదివేవారు మొదటి ఏడాది నుంచే దానిమీద దృష్టి పెట్టాలి.

ప్రోస్టేట్ క్యాన్సర్ నిర్ధారణే చూడండి. రక్తంలో పీఎస్ఏ పెరిగినంత మాత్రాన క్యాన్సరని చెప్పలేం. ప్రోస్టేట్ ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ సోకినా అది పెరుగుతుంది. తేల్చేది బయాప్సీ. సూదితో సాధారణంగా 12 చోట్ల నుంచి దారప్పోగుల్లాంటి ముక్కలు తీస్తారు. వాటిని ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు బ్లాకులో బిగించి, మైక్రోటోమ్ మీద 3-4 మైక్రాన్ల మందాన కోస్తారు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ పట్టిస్తే కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా కనబడుతుంది. 1966లో పాథాలజిస్టు డొనాల్డ్ గ్లీసన్ ప్రతిపాదించిన గ్రేడింగ్‌కు ఇప్పటికీ ఆధారం ఈ స్లైడే. అనుమానం మిగిలితే కణాల్లోని ప్రొటీన్లను ప్రత్యేక స్టెయిన్లతో చూపే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ చేస్తారు. మామూలు గ్రంథుల చుట్టూ ఉండే బేసల్ కణాల వరుస క్యాన్సర్‌లో కనబడదు. ఆ కణాలుంటే పి63 స్టెయిన్‌తో వాటి కేంద్రకాలు గోధుమరంగుకు తిరుగుతాయి. ఏఎంఏసీఆర్ అనే మరో స్టెయిన్ క్యాన్సర్ కణాల్లో బాగా పడుతుంది కానీ, క్యాన్సర్ కాని కొన్ని మార్పుల్లోనూ పడుతుంది. అందుకే ఏ ఒక్క రంగునూ నమ్ముకోకుండా అన్నిటినీ కలిపి చూస్తారు.

రిపోర్టు రాసేది పాథాలజిస్టు కదా, టెక్నీషియన్‌దేముందని అడగొచ్చు. అనుమానించదగ్గవి ఒక్కోసారి నాలుగైదు గ్రంథులే ఉంటాయి. బ్లాకును చదును చేసేటప్పుడు లోతుగా కోస్తే అవి చెత్తబుట్ట పాలవుతాయి. ఈ స్టెయిన్లకు ముందు చేసే యాంటిజెన్ రిట్రీవల్‌లో వేడి చాలకపోతే ఉన్న బేసల్ కణాలూ లేనట్టే కనబడి, లేని క్యాన్సర్ ఉందనిపించే ప్రమాదముంది. పక్కనున్న మామూలు గ్రంథులకు గోధుమరంగు పట్టిందో లేదో ముందు చూసుకోవడం మంచి టెక్నీషియన్ లక్షణం.

ఏఐ వస్తే ఈ పనీ పోదా అన్నది రెండో సందేహం. ప్రోస్టేట్ బయాప్సీలు చూసే పేజ్ ప్రోస్టేట్ సాఫ్ట్‌వేర్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2021లోనే అనుమతిచ్చింది. కానీ అది చదివేది స్కాన్ చేసిన స్లైడునే. ముడత పడిన కోతను, సరిగా పట్టని రంగును ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. స్టెయినింగ్‌కు యంత్రాలొచ్చినా మైనంలో ముక్కను సరిగా పేర్చి కోయడం మనిషి పనే. మొదట్లో జీతం తక్కువన్న మాట మాత్రం నిజం. చిన్న సెంటర్లు బ్లాకులను పెద్ద ల్యాబులకు పంపేస్తాయి కాబట్టి ఉద్యోగాలు వీధివీధినా ఉండవు. అయితే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ వచ్చినవాళ్లకు పోటీ కూడా తక్కువే.

కాబట్టి ఇంటర్న్‌షిప్ ఎక్కడన్నదే కీలకం. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీ, జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్, మంగళగిరి ఎయిమ్స్ మనకు దగ్గర్లోనే ఉన్నాయి. అలాంటిచోట అవకాశముందేమో కనుక్కోండి. ఏ కాలేజీలోనైనా ఫీజు కట్టేముందు గుర్తింపు ఉందో లేదో చూసుకుని, మైక్రోటోమ్ మీద మాచేత కోయిస్తారా అని అడగండి. అవునంటేనే చేరండి.